దినాలు కాని ఇంటి ముందు క్లారినెట్

దయ్యాలు లేవు. ఈ మాట నేను ఇంట్లో కూర్చుని అన్నది కాదు, ఊరూరా తిరిగి అన్నది. బల్మూర్ నుంచి వీపనగండ్ల దాకా ఎన్ని ఊళ్లలో నిమ్మకాయ కోసి నెత్తురు కార్చి చూపించానో లెక్క లేదు. కత్తికి ముందే మందార పువ్వు రాసి ఉంచితే ఏ నిమ్మకాయైనా నెత్తురు కారుస్తుంది. బాణామతి అంటారు గానీ అందులో బాణమూ లేదు, మతీ లేదు అని చెబితే జనం నవ్వేవారు. నేను సైన్సు మాస్టారిని. నేను దయ్యాలను నమ్మలేదు, దయ్యాలు కూడా నన్ను నమ్మినట్టు లేదు, ఎప్పుడూ ఎదురు పడలేదు.

ఇది దయ్యం కథ అని కూడా నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఎందుకంటే, ఈమధ్య మా మేనల్లుడు నన్ను హైదరాబాద్‌లో ఒకచోటికి తీసుకుపోయాడు. అక్కడే కాచిన బీరు. గోడ మీద సినిమా. మూలన ఒకాయన గిటార్ పట్టుకుని పాట. "క్రాఫ్ట్ బీరు మామా, కల్తీ ఉండదు" అన్నాడు. కల్తీ అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. పాపం వాడు, కోపం తన మీదే అనుకుని వెంటనే నాకు నిమ్మరసం తెప్పించాడు.

అక్కడ దొరికే మూడూ నాకు రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లోనే దొరికాయి. వీపనగండ్ల దగ్గర ఒక ఊరి బడిలో పనిచేసేవాణ్ణి. ఊరి పేరు రాయను. అక్కడ నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు నర్సింలు. రెండెకరాల మెట్ట చేను, పెళ్లిళ్ల కాలంలో ఉస్తాద్ మహబూబ్ బ్యాండులో క్లారినెట్. ఆ బ్యాండుకంతటికీ క్లారినెట్ అతనొక్కడే.

ఐతారం వస్తే బడికి సెలవు, మా కార్యక్రమం ఒకటే. పొద్దున కల్లు, మధ్యాహ్నం కళ్లు, సాయంత్రం చెవులు.

కల్లంటే ఈత చెట్టు కల్లు. ఊరవతల ఈత వనంలో మాకని ఒక చెట్టు ఉండేది. గౌడు కల్లు కుండ, అదే లొట్టి, దింపి మా ముందే వంచేవాడు. నర్సింలు ముందు నాలుగు చుక్కలు నేల మీద సాక పోసి, ఆ తర్వాతే నోట్లో పోసుకునేవాడు. ఒక్కో వారం ఒక్కో రుచి. మబ్బు పడితే ఒక తీరు, చలి పెడితే ఒక తీరు. అతను రుచి చూసి రాత్రి గాలి ఎటు కొట్టిందో చెప్పేవాడు. నేను రుచి చూసి బాగుంది అనేవాణ్ణి.

తర్వాత సైకిళ్ల మీద మండలంలో ఉన్న టాకీసుకు మాట్నీ. రేకుల కప్పు. హీరో డైలాగు కంటే ఫ్యాన్ చప్పుడే గట్టిగా వినిపించేది. ఆ చప్పుడులో కూడా నర్సింలు పాట పట్టేసేవాడు. అతనిది ఒక పంతం. పాట క్యాసెట్లో వినడు, టాకీసులో ఒకసారి వింటాడు, తిరిగి వచ్చేటప్పుడు వాయిస్తాడు. సైకిళ్లు చేతుల్తో నడిపించుకుంటూ చేల మధ్య బాట పట్టాక, సంచీలోంచి క్లారినెట్ తీసి బిగించేవాడు. సైకిల్ నాకిచ్చేవాడు. రెండు సైకిళ్లు తోసుకుంటూ పాట వినే శ్రోత ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

పాటకు చివర అతనొక తోక తగిలించేవాడు. సినిమాలో లేని తోక. చివరి స్వరాన్ని కిందికి జార్చి, మళ్లీ కొంచెం పైకి లేపి వదిలేవాడు. ఇది పాటలో లేదు కదా అంటే, "పాట ఆళ్లది సారూ, తోక నాది" అనేవాడు.

తర్వాత కల్లు కాంట్రాక్టరు వచ్చాడు. పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. చెట్లన్నీ అతని చేతికిందికి పోయాయి. గౌడు దింపిన కల్లు బండెక్కి కాంపౌండుకు, అంటే కాంట్రాక్టరు కల్లు దుకాణానికి, పోవాలి, మనిషికి అమ్మకూడదు. చెట్టు కల్లు లొట్టెడు పోతే, కాంపౌండులోంచి సీసాల మీద సీసాలు బయటికొచ్చేవి. నీళ్లు నీళ్లలా తెలియకూడదు కాబట్టి తెల్లపొడి కలిపేవారు. మత్తు పొడి. అందరికీ తెలుసు. గౌడుకు తెలుసు, పోలీసులకు తెలుసు, దవాఖానలో వాళ్లకు తెలుసు. తాగేవాళ్లకూ తెలుసు, కానీ ఒక నెల తాగాక ఆ తెలివితో పని లేదు. మానేస్తే మెడ వంకర పోయేది, చేతులు వణికేవి, కొందరు రోడ్ల మీద పరుగెత్తేవారు.

నేను కూడా రెండు సీసాలు తాగాను, రెండూ కక్కాను. నన్ను కాపాడింది నా విజ్ఞానం కాదు, నా కడుపు.

నర్సింలు కడుపు గట్టిది. బ్యాండు వాళ్లు పెళ్లి దిగాక చేరేది కాంపౌండులోనే. అతనూ చేరాడు. కొన్నాళ్లకు వేళ్లు పట్టు తప్పాయి. తాగితే మందగించేవి, తాగకపోతే వణికేవి. క్లారినెట్ వాయించేవాడికి ఈ రెండింటి మధ్య ఇంక చోటెక్కడుంది?

మేం కలిసి చూసిన చివరి మాట్నీ నాకు బాగా గుర్తు. తిరిగి వస్తూ పాట ఎత్తుకున్నాడు. పల్లవి వచ్చింది. చరణం మొదట్లోనే వేళ్లు తప్పాయి. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే. మూడోసారి ఎత్తుకోలేదు. మౌత్‌పీస్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"గిండ్లనే ఏదో ఉన్నది సారూ, యేళ్లది గాదు. మీరు కర్నూలు పోతున్నరు గద, జర సూపియ్యిరి. వచ్చే ఐతారం మొత్తం వాయిస్త."

కర్నూలులో వాద్యాలు బాగుచేసే ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, దీనికేం కాలేదు అని నాకే తిరిగి ఇచ్చాడు. నేను ఊళ్లోకి వచ్చేసరికి నర్సింలును మట్టి చేశారు. ఆ రోజు కాంపౌండులో పొడి ఎక్కువ పడిందట. చాలామందిని ట్రాక్టర్లో వనపర్తి దవాఖానకు వేసుకుపోయారు. అతనొక్కడు తిరిగి రాలేదు. గుండె ఆగి పోయాడు అన్నారు. గుండె ఆగకుండా పోయినవాణ్ణి నేనింకా చూడాల్సి ఉంది.

సన్నాయికి పీక ఉంటుంది, మనిషికీ పీక ఉంటుంది. మా ప్రాంతంలో వాయించేవాళ్లకంటే నొక్కేవాళ్లే ఎక్కువ.

దినాలు ఇంకా కాలేదు. మౌత్‌పీస్ అతని భార్య సాయమ్మకు ఇచ్చేద్దామని జేబులో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. పొద్దెక్కింది, ఎండ బాగానే ఉంది. ఇల్లు పెద్ద రోడ్డు మీదే, తలుపు తెరిచే ఉంది. క్లారినెట్ సంచీ గోడకు మేకుకు వేలాడుతోంది. సాయమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను గడప లోపల పీట మీద కూర్చుని, ఏమనాలో తెలియక, వానల గురించి ఏదో అన్నాను. అది వానల కాలమే కాదు.

అప్పుడు రోడ్డు మీద బ్యాండు వినిపించింది. కాంట్రాక్టరు రెండో కాంపౌండు తెరుస్తున్నాడు. మనిషి పోయి దినాలు కాకముందే రెండోది. దానికి ఊరేగింపు. ముందు బ్యాండు, వెనక జీపు, జీపులో దండలు వేసుకుని అతను. బ్యాండు ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఉన్నది ఉస్తాద్ మహబూబ్ బ్యాండొక్కటే. అందులో ఇప్పుడు క్లారినెట్ లేదు.

చావు జరిగి దినాలు కాని ఇంటి ముందు మా దగ్గర మేళం కొట్టరు. ఎంత పెద్దింటి పెళ్లయినా సరే, ఇల్లు దాటేదాకా చేతులు దించుకుని నడుస్తారు. గుమ్మం ముందుకు రాగానే ఉస్తాద్ చెయ్యెత్తాడు. డ్రమ్ములు ఆగాయి, ట్రంపెట్ కిందికి దిగింది.

జీపులోంచి కాంట్రాక్టరు ఏందయ్యా ఆపిన్రు అని కేకేశాడు. ఉస్తాద్ వెనక్కి తిరిగి నెమ్మదిగానే చెప్పాడు.

"దినాలు గాని ఇల్లు సార్. గిది దాటినంక కొడ్తం. మా మనిషే."

"తాగి సచ్చినోనికి గూడ గింత మర్యాదనా? కొట్టుండ్రి."

ఎవరూ వాద్యం ఎత్తలేదు. నాకు లేచి వెళ్లి వాడి కాలర్ పట్టుకోవాలనిపించింది. లేచాను కూడా.

అప్పుడు క్లారినెట్ మోగింది.

ఆ చివరి మాట్నీ పాట. పల్లవి. తర్వాత చరణం. అతని వేళ్లు తప్పిన చోటు దగ్గరికి వచ్చింది, తప్పకుండా దాటింది. ఎక్కడా వణుకు లేదు. తొందర లేదు, చేల మధ్య బాట మీద నడుస్తూ వాయించినట్టే. చివరి స్వరం కిందికి జారి, మళ్లీ కొంచెం పైకి లేచి ఆగింది.

నేను గోడ వైపు చూశాను. సంచీ మేకుకే ఉంది, కదలడం లేదు. జేబు తడుముకున్నాను. మౌత్‌పీస్ జేబులోనే ఉంది. అది లేకుండా క్లారినెట్ ఒట్టి గొట్టం. సాయమ్మ లేచి తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. బయట బ్యాండు వాళ్లందరి వాద్యాలూ తొడల దగ్గరే ఉన్నాయి. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. కాంట్రాక్టరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవడురా ఊదింది అని కాంట్రాక్టరు అరిచాడు గానీ గొంతు సగంలోనే చీరుకుపోయింది.

ఊరేగింపు మేళం లేకుండానే సాగిపోయింది. కాంపౌండు ఆ పూటే తెరిచారు. జనం తాగారు కూడా.

ఇక్కడితో అయిపోతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

రెండు రోజులు గడవకముందే పుకారు లేచింది. నర్సింలు పెళ్లాం బాణామతి చేసిందట. కాంట్రాక్టరు బామ్మర్దికి వాంతులట. కొత్త కాంపౌండులో మొదటి సీసా అతనే తాగాడన్న సంగతి ఎవరూ అనలేదు. పంచాయతీ పెట్టారు. బాణామతి చేసిందని తేలితే ఆడమనిషిని ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. ఆ నింద మీద జనం పళ్లు పీకేసిన ఒకామెకు బల్మూర్ వైపు ఒక ఊళ్లో నా చేతుల్తో నీళ్లు తాగించాను.

ఆ పంచాయతీలో నేను అడగాలనుకున్న ప్రశ్న ఒకటే. సీసాలో ఏం కలిపావు? దానికోసం రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. తీరా కూర్చున్నాక కాంట్రాక్టరు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సారూ, మీరు గా ఇంట్లనే ఉన్నరు గద. సదువుకున్నోళ్లు. పాట ఇన్నరా, లేదా?"

విన్నాను అంటే ఆమె పని అయిపోతుంది. వినలేదు అంటే రోడ్డు మీద విన్నవాళ్లంతా ఉన్నారు. అందుకని, విన్నాను, అది వాళ్లింటి దగ్గరి చాయ్ హోటల్లో టేప్‌రికార్డర్ అన్నాను. సంచీలోంచి నిమ్మకాయ తీశాను, కత్తి తీశాను, నెత్తురు కార్చాను, మందార పువ్వు చూపించాను. గాలి ఎటు కొడితే శబ్దం ఎటు పోతుందో చెప్పాను. జీవితంలో అంత బాగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. అందులో ఒక్క ముక్క నేను నమ్మలేదు.

ఊరేగింపు రోజు ఆ సమయానికి కరెంటు లేదు. అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరో ఒకరు అనేస్తారని ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయాను. అప్పుడు చాయ్ హోటల్ యాకూబ్ లేచాడు.

"టేపు నాదే. సౌండు జర ఎక్కువ పెట్టిన, మాఫ్ చెయ్యిరి" అన్నాడు.

యాకూబ్ హోటల్లో కవ్వాలీ క్యాసెట్లు తప్ప మరేవీ ఉండేవి కావు. అదీ అందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. ఊరంతా కలిసి ఒక అబద్ధాన్ని అలా చేతుల మీద మోయడం నేను మళ్లీ చూడలేదు. బాణామతి మాట అక్కడితో పోయింది. సాయమ్మ బతికింది.

కానీ సీసాలో ఏం కలిపావు అన్న ప్రశ్న నా నోట్లోనే ఉండిపోయింది. దయ్యం లేదని రుజువు చేయడంతోనే పూట గడిచింది. బోనులో నిలబడాల్సినవాడు పెద్దమనిషై తీర్పు విని, సార్ మంచిగ జెప్పిండ్రు అని నన్ను మెచ్చుకుని లేచిపోయాడు. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ నా ఒంటి మీద జిగటగా ఉంది. తర్వాత నేను కాగితాలు పెట్టాను, ఆఫీసుల చుట్టూ తిరిగాను. గుండె ఆగింది అన్నదే అందరి జవాబు.

సాయమ్మ గట్టు అనే ఊళ్లో ఉన్న పుట్టింటికి వెళ్లే రోజు మౌత్‌పీస్ ఇచ్చాను. దాన్ని కొంగున కట్టుకుని అడిగింది.

"సారూ, మీరు నిజంగ టేపే అనుకుంటున్నరా?"

కాంట్రాక్టరు మనిషి ఒకడు బస్సు పక్కనే బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. నేను వాడి వైపు చూసి, ఆమె వైపు చూశాను. ఆమె నా మొహం చూసి, తల ఊపి బస్సెక్కింది.

ఇప్పుడు ఆమె లేదు. కాంట్రాక్టరు కూడా లేడు, మంచం మీద, మనవల మధ్య, హాయిగా పోయాడట. ఇంక ఎవరి పళ్లకూ ప్రమాదం లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. పక్క ఊళ్లో ఎవరైనా వాయించారేమో కనుక్కున్నాను, లేదు. దుఃఖంలో చెవి మోసం చేస్తుందంటారు. ఒక చెవి చేస్తుంది, రోడ్డు రోడ్డంతా ఒకే పాట వింటుందా? దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. ఆ పూట ఏముందో మాత్రం చెప్పలేను.

నర్సింలు మీద కూడా నాకు కోపమే. రాగలిగినవాడివి, ఎదురుగా జీపులో వాడు కూర్చుని ఉంటే, వాడి గొంతు పట్టుకోవా? ఆగిపోయిన చరణం పూర్తి చేసి పోతావా? బతికున్నప్పుడూ అంతే, ఎవరినీ ఒక మాట అనలేదు.

పాట మాత్రం ఎంతో బాగా వాయించాడు. ఆ సంగతి కూడా ఆ టేపు అబద్ధం నన్ను నలుగురిలో చెప్పుకోనివ్వలేదు.