మల్లికి శుక్రవారం తలంటు

మధురైలో ఒకసారి కుక్కల పోటీ మధ్యలో ఆగిపోయింది. వాన రాలేదు, పందిరి కూలలేదు. నా వల్ల ఆగింది. దేశంలో ఇంతవరకు ఎవరికీ దక్కని ఘనత అది. సరే, దేశం సంగతి నాకు తెలియదు, మధురై వరకు చెప్పగలను. ఆ తర్వాత నా మీసం పోయింది. ఈ రెండూ ఎలా జరిగాయో చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి, మా కోడలి ఎదురుగా మాత్రం వద్దు.

మాది తమిళనాడులోని రాజపాళయం. కుక్కలకు పేరుపడ్డ ఊరు. తెల్లగా, సన్నగా, గీత గీసినట్టు నిలబడే వేటకుక్కకు మా ఊరి పేరే పెట్టారు. మా తాత దగ్గర అలాంటివి వంద ఉండేవని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి ఉన్నవి రెండు. అందులో ఒకటి పక్కింటివాళ్ళది, అన్నానికి మాత్రం మా ఇంటికి వచ్చేది.

అలాంటి ఊళ్ళో మా కోడలు సుమతి సైబీరియన్ హస్కీలను పెంచుతానంది. మంచులో బండ్లు లాగే కుక్కలు! మా ఊళ్ళో మంచుగడ్డ చూడాలంటే చెరుకురసం బండి దగ్గరికి పోవాలి. చుట్టాలందరూ వద్దన్నారు. నేనొక్కణ్ణే కోడలి పక్షాన కొండలా నిలబడ్డాను. ఆడపిల్ల ఆశయానికి అండగా నిలిచానని మీరు మెచ్చుకునేలోపే చెప్పేస్తున్నాను, కుక్కల గదికి ఏసీ పెట్టిస్తారని విన్నాను. పెట్టించిన రోజే నా మంచం అందులోకి మారింది.

ఇంట్లో ఐదు హస్కీలు అయ్యాయి. హస్కీ మొరగదు, ఊళ పెడుతుంది. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు సంగు మోగుతుంది కదా, ఆ కూత వినగానే ఐదూ తలలెత్తి జవాబిచ్చేవి. మా వీధిలో గడియారాలు పనిలేకుండా పోయాయి. ఐదింటిలో చిన్నది మల్లి. మా ఇంట్లోనే పుట్టింది, సుమతి ఒళ్ళో సీసాపాలు తాగి పెరిగింది. పోటీలకు తీసుకెళితే వరసగా గెలిచింది. చాంపియన్ అనే బిరుదుకు ఇంకొక్క సర్టిఫికెట్ తక్కువ. ఎండలు ముదిరితే పోటీలు ఆగిపోతాయి. ఆ తర్వాత మల్లిని జతకట్టించాలి, పిల్లలు పెడితే బొచ్చంతా రాలిపోతుంది. కాబట్టి ఉన్నది ఒకే అవకాశం, మధురై.

ఇక నా మీసం ఇందులోకి ఎలా వచ్చిందంటారా? నా భార్య కనకమ్మకు ఒక అన్న ఉన్నాడు, సేత్తూరులో ఉంటాడు. ఆయన దగ్గర అచ్చమైన రాజపాళయం కుక్కలున్నాయి. ఒక పెళ్ళి పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు.

"ఏమి బావా, మీ ఇంట్లో నక్కలు సుకమేనా?"

"నక్కలు కాదు, హస్కీలు."

"రాత్రి దొంగ వచ్చినాడనుకో, మొరుగునా?"

"మొరగదు."

"అప్పురం ఏమి చేస్తాది?"

"చెయ్యి ఇస్తాది."

"చెయ్యి ఇచ్చి, కూర్చోబెట్టి, కాపీ కూడా పెట్టి ఇస్తాదా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. వడ్డించేవాడు నవ్వుతూ నా ఆకులో పాయసం మీదే రసం పోశాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"ఈ సీజన్ల మల్లి చాంపియన్ కాలేదంటే, ఇదో, ఈ మీసం తీసేస్తా!"

నిమ్మకాయ నిలబడే మీసమని ఊరంతా చెప్పుకునేవారు. చెప్పుకునేలా నేను చెప్పేవాణ్ణి. ఇంట్లో తలుపేసుకుని ప్రయత్నించి చూశాను, చింతగింజ కూడా నిలబడలేదు. అయినా అది నా మీసం.

పోటీ ఆదివారం. తళవాయిపురంలో సుమతి అన్న కూతురికి చెవులు కుట్టే వేడుక వచ్చి పడింది. సుమతి గురువారమే మల్లికి ప్రత్యేకమైన షాంపూతో స్నానం చేయించి, బ్లోయరుతో ఆరబెట్టి, వెంట్రుక వెంట్రుకా దువ్వి, శుక్రవారం పొద్దున మా అబ్బాయితో కలిసి బయలుదేరింది. అటునుంచటే మధురై వచ్చేస్తారు. సేత్తూరు బావ వ్యానులో మల్లిని తీసుకురావడం నా బాధ్యత.

"మామా, అన్నీ అయిపోయినాయి. కూడు పెట్టండి, నీళ్ళు పెట్టండి, ఏసీ వేయండి. ఇంకేమీ చేయొద్దు. దాన్ని ముట్టుకోనే వద్దు."

"ముట్టుకోను తల్లీ."

"సత్తెంగా?"

"సత్తెంగా."

వాళ్ళ బస్సు ఇంకా ఊరి పొలిమేర దాటి ఉండదు, కరెంటు పోయింది. మధ్యాహ్నానికి కుక్కల గది ఇడ్లీపాత్రలా తయారైంది. మల్లి నేల మీద బోర్లా పడి, జానెడు నాలుక బయటపెట్టి నా వైపు చూసింది. ఆ చూపులో "ముసలాయనా, నువ్వున్నావని నమ్ముకున్నాను" అని నాకు కనిపించింది. దానికి కనిపించింది బహుశా నా చేతిలోని మజ్జిగ గ్లాసు.

"కనకా, దీన్ని చూడు. ఒళ్ళంతా సూడు పట్టినాది."

"వేడి కాకుండా చలి పడతాదా? నీళ్ళు పెట్టి విసరండి, కరెంటు వస్తాది."

"విసిరితే దిగే సూడు కాదే ఇది. తలంటు పోయాల. నాకు శనివారం, నీకు శుక్రవారం. ఇది ఆడది కద? ఈ దినం ఏమి వారం?"

"శుక్రవారం."

"చూసినావా!"

"కోడలు ముట్టుకోవద్దనె కద?"

"నేనెక్కడ ముట్టుకుంటా? నూనె ముట్టుకుంటాది."

మా వైపు ఏ రోగానికైనా మొదటి మందు నువ్వుల నూనె. జీలకర్ర, మిరియం వేసి గోరువెచ్చగా కాచాను. పెరట్లో మల్లిని కూర్చోబెట్టి, నడినెత్తిన పోసి, మా అమ్మ నాకు తట్టినట్టే టపటపా తట్టాను. మల్లి తల ఎత్తి ఊళ పెట్టింది. అది విని లోపలి నాలుగూ అందుకున్నాయి. ఎదురింటి పార్వతక్క భర్త షిఫ్టు మారిందనుకుని టిఫిను క్యారియరు పట్టుకుని వీధిలోకి వచ్చేశాడు.

హస్కీకి రెండు చొక్కాలుంటాయి. పైన పొడుగు బొచ్చు, లోపల దూది లాంటి మెత్తటి బొచ్చు. ఈ సంగతి నాకు కోడలు పదిసార్లు చెప్పింది. నేను పదకొండోసారి విందామని ఆగాను. నూనె పోస్తున్నకొద్దీ మాయమైపోతోంది. గ్లాసు పోశాను, లేదు. చెంబు పోశాను, లేదు. డబ్బా వంచేశాక గానీ తోక దగ్గర ఒక చుక్క కనపడలేదు.

"ఏమండి, దోసెలకి లేకుండా పోసేసినారే!"

"దోసెలు ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా?"

ఆ తర్వాత శీకాయ పొడి. రుద్దాను, నీళ్ళు పోశాను, మళ్ళీ రుద్దాను. నీళ్ళు లోపలికి పోవు, నూనె బయటికి రాదు. చూస్తుండగానే మా భారీ మల్లి కరిగిపోయింది. బొచ్చంతా ఒంటికి అతుక్కుపోతే లోపలినుంచి ఎవరో బక్కచిక్కిన కుక్క బయటపడింది. తెల్లటి కాళ్ళు శీకాయకు పసుపు తిరిగాయి. అప్పుడది ఒళ్ళు విదిలించింది. గోడ, క్యాలెండరు, ఆరేసిన కనకమ్మ కంచిపట్టు, అన్నీ తలంటి పోసుకున్నాయి.

కనకమ్మ చీర వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

ఇక్కడ మీకు నా అనుభవం గురించి చెప్పాలి. నేను జీవితమంతా పత్తితో గడిపినవాణ్ణి. పత్తి పీలుస్తుందని నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? (మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చునేవాణ్ణి. పత్తి నా ముందునుంచి లారీల్లో పోయేది.) పక్కవీధిలో కట్టుగుడ్డ తయారుచేసేవాళ్ళ దగ్గరికి పోయి, ఆసుపత్రి దూది ఒక మూట, బ్యాండేజి చుట్టలు ఒక సంచీడు తెచ్చాను. మల్లి ఒంటినిండా దూది పరిచి, దాని మీద బ్యాండేజి బిగించి చుట్టాను. రెండు చెవులు, ముక్కు, తోక మిగిలాయి.

సాయంత్రానికి పార్వతక్క బ్రెడ్డు, సాత్తుకుడి పళ్ళు, అదే బత్తాయిలు, పట్టుకుని పరామర్శకు వచ్చింది.

"అయ్యో అన్నా, ఏ లారీ?"

"లారీ కాదమ్మా, నూనె."

"నూనె లారీనా! పావం బిడ్డ!"

ఆమె కళ్ళు తుడుచుకుంటుండగా పావం బిడ్డ బ్రెడ్డు మొత్తం కవరుతో సహా మింగేసింది.

మర్నాడు సుమతి ఫోను.

"మామా, మల్లి ఎట్ల ఉండాది?"

"రొంబ బాగుండాది. తెల్లగా ఉండాది."

"బొచ్చు?"

"గుబురుగా ఉండాది."

"ఒక ఫోటో పంపండి."

"హలో? హలో? అమ్మా, వినపడలే..." అని నేనే ఫోను కట్ చేశాను.

ఆదివారం తెల్లవారగానే సేత్తూరు బావ వ్యానుతో దిగాడు. కట్లతో నిలబడ్డ మల్లిని చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"బావా, ఇది కుక్కనా, పరుపా?"

"ఎగతాళి చేయొద్దు. కోడలికి చెప్తావా?"

"ఎందుకు చెప్తా? టిక్కెట్టు లేకుండా సినిమా. నేను చూసేకి మాత్రం వస్తా."

హడావిడిగా కత్తెరతో కట్లు కోసి లాగేశాం. దూది నిజంగానే నూనె పీల్చింది, నేను చెప్పలేదా! కాకపోతే పీల్చిన దూది బయటికి రానంది. లోపలి బొచ్చుతో చుట్టరికం కలుపుకుని అక్కడే ఉండిపోయింది. పైకి చూస్తే మల్లి మునుపటి కంటే రెండింతలు ఉబ్బి, గొర్రెపోతులా ఉంది. పసుపు కాళ్ళకు కనకమ్మ ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా ఖాళీ చేశాను.

మధురైలో సుమతి పరుగున వచ్చి మల్లిని కౌగిలించుకుంది. కౌగిలింతలోనే ఆగిపోయింది.

"మామా, ఏమిది, ఇడ్లీపొడి వాసన వస్తా ఉండాది?"

"బావ వ్యానులో టిఫిను తిన్నాం కద."

"నేను తినలే," అన్నాడు బావ, చాలా మర్యాదగా.

ఆమె ఇంకేదో అడిగేలోపు మైకులో నంబరు పిలిచారు. సుమతి నన్ను ఒక చూపు చూసి మల్లితో బరిలోకి వెళ్ళింది. మల్లి ఎంత అందంగా పరిగెత్తిందనుకున్నారు! గాల్లో తేలింది. తీర్పు చెప్పే పెద్దమనిషి, కోటు వేసుకున్నాయన, తల ఊపాడు. నేను బావ వైపు తిరిగి మీసం ఒక మెలి తిప్పాను. అదే చివరి మెలి.

ఆయన వచ్చి మల్లి వీపు తట్టాడు. గుప్పున తెల్లటి మేఘం లేచింది. ఆయన తుమ్మాడు. బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చాడు, చెయ్యి మణికట్టు దాకా మునిగిపోయింది. బయటికి తీస్తే పిడికెడు దూది. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు, ఈసారి కొంచెం ఆకలిగా. మల్లి పొట్ట కింద ఏదో తెల్లటి కొస కనిపిస్తే పట్టుకుని లాగాడు. వచ్చింది. ఇంకా లాగాడు, ఇంకా వచ్చింది. నేను కోయడం మరిచిన బ్యాండేజి!

మల్లికి ఇది కొత్త ఆటలా తోచింది. ఒక్క దూకు దూకి బరి చుట్టూ పరుగు లంకించుకుంది. వెనక తాడు పట్టుకుని సుమతి, ఆమె వెనక బ్యాండేజి కొస వదలకుండా కోటాయన, ఆ వెనక ఎగిరే గుడ్డ చూసి ఊరుకోలేని మూడు పగ్ కుక్కలు, ఒక గ్రేట్ డేన్, వాటి యజమానులు. దూది పింజలు పందిరంతా ఎగిరాయి. అక్కడ పోటీ ఆగింది.

అందరూ నిలబడ్డాక, ఆయన ఆయాసపడుతూ ఇంగ్లీషులో ఈ కుక్కను సింగారించింది ఎవరని అడిగాడు. సుమతి నా వైపు వేలు చూపింది. బావ కూడా చూపాడు, రెండు చేతులతో. బొచ్చులో బయటి వస్తువు ఉంటే పోటీలోంచి తప్పించాలట, అది నియమం. సర్టిఫికెట్ లేదు. "కుక్క చాలా మంచిది, మళ్ళీ తీసుకురండి. పెద్దాయన్ని తీసుకురావద్దు," అన్నాడట.

తిరుగు దారిలో సుమతి వెనక సీటులో మల్లి తల ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క పింజే తీస్తూ కూర్చుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. తిట్టినా బాగుండేది. నేను అద్దంలోంచి చూస్తూ గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, ఒళ్ళు సూడు పట్టినాదని..."

 వ్యానంతా నువ్వుల నూనె వాసన. ఎవరి కడుపో గుర్రుమంది. సుమతిదే.

"మామా," అంది కోపంగానే, "ఎక్కడన్నా ఇడ్లీ దొరికితే నిలపండి. పొడి ఎట్లాగూ వ్యానులోనే ఉండాది." అని పకపకా నవ్వేసింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నవ్వుకా, ఏడుపుకా అని నేను అడగలేదు.

ఊరు రాగానే బావ వ్యాను ఇంటికి పోనివ్వలేదు, సెలూను ముందు ఆపాడు. సుమతి మల్లితో దిగి ఇంటికి నడిచింది.

"నేను నోరు తెరిచి అడగను బావా. బండికి ఇక్కడ పెట్రోలు అయిపోయినాది, అంతే."

బావామరదుల మధ్య మాటైతే తప్పించుకోవచ్చు, పంక్తిలో అన్న మాట తప్పించుకోలేం. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అద్దంలో ఎవరో పరాయి మనిషి, గుడ్డు మీద కళ్ళు గీసినట్టు. సెలూనువాడు జాలిపడి ఘాటైన లోషను కూడా దండిగా పూశాడు.

బావ నన్ను ముందు పెట్టుకుని ఊరేగింపులా ఇంటికి తీసుకొచ్చాడు. గేటు తీశాను. మల్లి ఎదురొచ్చింది. చెయ్యి ఇవ్వడానికి వస్తోందనుకుని వంగాను. అది ఆగింది. నా ముఖం చూసింది, గాలి పీల్చింది, మెడ మీద మిగిలిన దూదంతా నిక్కబొడుచుకుంది.

"భౌ!"

జన్మలో మొట్టమొదటి మొరుగు. "భౌ! భౌ! భౌ!" అంటూ నన్ను గేటు దాటించి, వీధి దాటించి, పార్వతక్క అరుగు ఎక్కించింది. లోపలినుంచి కనకమ్మ అరిచింది: "ఎవడో దొంగ వచ్చినాడు!"

సేత్తూరు బావ నడివీధిలో నిలబడి తన మీసాన్ని ఒక చేత్తో కప్పుకున్నాడు. "సరి బావా, ఒప్పుకుంటా. కాపలా కుక్కనే!"

మరుసటి సీజనులో మల్లి చాంపియన్ అయింది. సుమతి ఒక్కతే తీసుకెళ్ళింది, నన్ను ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేసి మరీ. ఇప్పుడు నా మీసం మళ్ళీ వచ్చింది, చింతగింజ స్థాయికి. దాని మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: శుక్రవారమైనా శనివారమైనా, కరెంటు ఉన్నా లేకున్నా, ప్రాణమున్నంతవరకు ఏ కుక్క నెత్తినా నూనె చుక్క పోయను. పోయాలనుకున్నా వీల్లేదులెండి. నూనె డబ్బా కోడలి బీరువాలో ఉంది. ఇడ్లీపొడిలోకి కూడా ఆమే వచ్చి, చెంచాతో కొలిచి, నేను తినేదాకా నిలబడి చూసి పోతుంది.