ఏడు రూపాయల రూము

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో అంత ప్రమాదాన్ని అంత చవకగా కొన్న మనిషి నాకు ముందు లేడు, నా తర్వాత పుట్టి ఉంటాడని కూడా అనుకోను. పన్నెండు రూపాయలు చెప్పినవాణ్ణి ఏడుకు దించాను. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగబోయి, ఒక చాయ్ చల్లారేంత సేపట్లో బేరం ముగించాను. అడక్కపోయినా ఇది చెప్పుకోవడం నాకు అలవాటే గాని, మొన్న మాత్రం అడిగితేనే చెప్పాను. మనుమరాలు స్నేహితురాళ్ళతో గోవా పోతోంది. కరీంనగర్‌లో మా ఇంట్లో, నా పక్కనే సోఫాలో కూర్చుని ఫోనులో హోటళ్ళు చూస్తోంది. ఒక్కో హోటలు కింద నక్షత్రాలు, నక్షత్రాల కింద ముక్కూ మొహం తెలియని మనుషుల అభిప్రాయాలు. "తాతా, ఇది మస్తు చీపున్నది. గల్లీ నిండ బార్లేనట గని, ఫుల్ రష్ ఉంటదట. తీసుకోమంటవా?" అంది. రష్ అన్న మాట చెవిన పడగానే నా ముక్కుకు ఎప్పటిదో సారా వాసన తగిలింది. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టమన్నాను.

మాది మెట్‌పల్లిలో కిరాణా దుకాణం. నాకు మాటలూ తక్కెడా ఒకేసారి వచ్చాయని మా ఇంట్లో అనేవారు. బళ్ళో ఎక్కాలు చెప్పే పంతులు మా దుకాణానికి వస్తే పావుకిలో పప్పు దగ్గర ఆయనకే లెక్క చెప్పి పంపేవాణ్ణి. బాపు వ్యాపారం నేర్పిన తీరు వేరు. పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పడం ఉండదు. సంతకు తీసుకుపోయి, బెల్లం బుట్టల వరస ముందు నిలబెట్టి, ఏది కొనాలో చెప్పమనేవాడు. నేను రంగు చూసేవాణ్ణి, చిదిమి చూసేవాణ్ణి, నాలుక మీద వేసుకునేవాణ్ణి. బాపు నవ్వి, "అవన్ని ఎందుకురా? ఈగలెక్కడ ముసిరినయో చూడు. గిరాకీ ఉన్న కాడనే సరుకుంటది," అనేవాడు. ఆ సూత్రం నన్ను చాలాకాలం మోసుకొచ్చింది. బట్టలు, బర్రెలు, చివరికి హోమియోపతి డాక్టరును కూడా నేను గుంపును చూసే ఎంచుకున్నాను. డాక్టరు విషయంలో కొంచెం తేడా కొట్టింది గాని అది వేరే కథ.

బాపుకు ఒక చెల్లెలు, నాకు మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. పిల్లలు లేరు. పగలంతా దుకాణం వెనక గదిలో కూర్చుని చింతపండు గింజ తీయడం, పప్పులు చెరగడం, పొట్లాలు కట్టడం ఆమె పని. గల్లా పెట్టె ముందు మాత్రం ఆమె ఒక్కనాడూ కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు. నలభై దాటాక, ఎక్కడ విన్నదో ఏమో, నస్పూర్ దిక్కు బొగ్గుబాయి క్వార్టర్ల పక్కన ఒక మడిగె, అంటే దుకాణం గది, కిరాయికి ఉందని, తాను అక్కడ దుకాణం పెట్టుకుంటానని అన్నం వడ్డిస్తూ అన్నది. బాపు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వారం రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి బాపు దిగివచ్చాడు గాని వ్యాపారి కదా, షరతు పెట్టకుండా దిగడు. "పోరి. అడ్వాన్సు కట్టి రారి. గని తొవ్వల ఏ పేచీ అయినా, పైసలు పోయినా, ఎవడన్న ఒక మాట అన్నా, మల్ల గా దుకాణం ముచ్చట నా ఇంట్ల ఎత్తద్దు." తోడు నన్ను పంపాడు. అప్పుడు నాకు ఇరవై రెండో ఏడు. డెబ్బయ్యవ దశకం చివర.

అడ్వాన్సు డబ్బు మేనత్త తన రెండు బంగారు గాజులు అమ్మి కూడబెట్టింది. చిన్న గుడ్డసంచిలో కుట్టి, చీర లోపల నడుముకు కట్టుకుంది. మడిగె యజమాని ఉండేది మంచిర్యాలలో. ఇంకెవరో కూడా దానికోసం తిరుగుతున్నారని, ఫలానా రోజు పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళదేనని కబురు చేశాడు. అందుకని ముందురోజే బయలుదేరాం. ధర్మపురి దాటాక బస్సు టైరు పంచరైంది. డ్రైవరు చక్రం విప్పుతుంటే నేను స్పానరు అందించి టికెట్టులో ఏమైనా తగ్గిస్తాడేమోనని చూశాను. తగ్గించలేదు. మంచిర్యాలలో దిగేసరికి దీపాలు పెట్టారు. దిగాక తెలిసింది, ఆ రోజు బాయిలో జీతాల దినమని.

బొగ్గు ఊళ్ళో జీతాల దినం సాయంత్రం ఎట్లా ఉండేదో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. బస్టాండు వెనక గల్లీలో రెండు సారా దుకాణాలు, మధ్యలో లాడ్జీలు, ఎదురుగా బజ్జీల బండ్లు. పొద్దంతా భూమి కింద ఉన్న మనుషులు ఒక్కసారిగా పైకొచ్చి, జేబులో కొత్త నోట్లతో, తెల్లగా ఉతికిన అంగీలతో ఆ గల్లీలోకి దిగుతారు. ఒకడు పాడుతుంటాడు, ఒకడు ఏడుస్తుంటాడు, ఇద్దరు కొట్టుకుంటుంటారు, కొట్టుకునేవాళ్ళను విడిపించబోయినవాడు ఇద్దరి చేతా తింటుంటాడు. మేనత్త కొంగు నడుముకు బిగించి నా వెనకే నడిచింది.

మొదట కనబడిన లాడ్జీ గల్లీ మలుపులో ఉంది. పెంకుటిల్లు, ముందు ఇనుప గేటు, ఒకటే బల్బు. దాని కింద ఒక ముసలాయన దోమతెర చిరుగును సూదితో కుట్టుకుంటున్నాడు. మనిషి సందడి లేదు. కిరాయి అడిగాను.

"పది. ఎనిమిదింటికి గేటుకు తాళం."

"ఎనిమిది చేస్కోరి పెద్దాయనా."

"పది."

"పోని తొమ్మిది. ఒక్క రాత్రే గద."

"పది," అన్నాడు దారం కొరుకుతూ. తలెత్తి చూడను కూడా లేదు. ఒక్క రూపాయి దిగనివాడికి వ్యాపారం రాదు, వ్యాపారం రానివాడి దగ్గర మంచి సరుకు ఉండదు. ఇది నా లెక్క. "మంచిగనే ఉన్నడు గదా అల్లుడా, ఈడనే ఉందాం," అని మేనత్త అన్నది. నేను గల్లీ చివర వెలిగిపోతున్న మేడను చూపించాను. రేడియో మోగుతోంది. మెట్ల మీద ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ తెగకుండా ఉన్నారు. "గా గిరాకీ చూడు అత్తమ్మా. ఈగలు ముసిరిన కాడనే బెల్లముంటది," అన్నాను. బాపు మాట కాబట్టి ఆమె ఎదురు చెప్పలేదు.

మేడ లాడ్జీలో కౌంటరు మీద ఉన్నవాడు పన్నెండు అన్నాడు. "మేమేమన్న రూమును కొనుక్కపోతున్నమా అన్నా? పొద్దుగాల ఈడనే ఇడిసిపెట్టి పోతం," అన్నాను. వాడు నవ్వాడు. నవ్విన వ్యాపారి సగం ఓడినట్టే. ఆరు అడిగి, మెట్లు దిగి, పిలిపించుకుని, ఏడు దగ్గర ఆపాను. "ముందుగాల్నే కట్టాలె. పైకి ఎక్కినంక పైసలు వాపస్ లేవు," అన్నాడు. కట్టాను. అంత సులభంగా దిగివచ్చే సరుకులో ఏదో లోపం ఉంటుందని కూడా బాపు చెప్పేవాడు. ఆ రెండో సూత్రం మెట్లన్నీ ఎక్కాక గుర్తొచ్చింది.

గది తలుపుకు లోపల గడియ ఉంది, గడియ దూరే కొండీ లేదు. కొండీ ఉండాల్సిన చోట మూడు మేకుల రంధ్రాలు. పక్క గదికీ మాకూ మధ్య చెక్కల గోడ, అదీ పైకప్పు దాకా లేదు. అవతల పేకాట. ముక్కలు విసిరినప్పుడల్లా చప్పుడు, దాంతోపాటు నేను మేనత్త ముందు విని ఉండకూడని మాటలు గోడ మీదుగా ఇవతల పడుతున్నాయి. మంచాన్ని తలుపుకు అడ్డంగా జరిపి, దాని మీద నేను కూర్చున్నాను. నా ఆయుధం ఒక టార్చిలైటు. కాసేపటికి తలుపు మంచాన్ని తోసుకుంటూ జానెడు తెరుచుకుంది. ఒక ఎర్రటి కన్ను లోపలికి చూసి, "ఇది మన రూమే గదరా?" అన్నది. కాదన్నాను. పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక ఇంకొకడున్నాడు. "ఆడమనిషి ఉన్నదిరా లోపట," అన్నాడు వాడు. నేను టార్చి వెలిగించి, ఎక్కడిదో తెలియని గొంతుతో "ఎవడ్రా?" అన్నాను. నవ్వుకుంటూ పోయారు. మేనత్త గోడవార కూర్చుని రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. భయం సంగతి అటుంచి, ఆమె మొహంలో నాకు మా ఇంటి వెనక గది కనబడింది, చింతపండు బుట్ట కనబడింది. ఈ రాత్రి ఏదైనా జరిగితే ఆమె మళ్ళీ అక్కడికే, ఈసారి ఎప్పటికీ.

మూడోసారి తలుపు కొట్టిన చప్పుడు వేరుగా ఉంది. గాజుల చప్పుడు. "తెరువు," అన్నదొక ఆడగొంతు. మేనత్తే లేచి, నన్ను లేపి మంచం జరిపింది. బయట నలుగురైదుగురు ఆడవాళ్ళు. ముందున్నామె గట్టి మనిషి, చంకలో నిద్రపోతున్న పిల్ల. నన్ను పక్కకు నెట్టి లోపలికొచ్చి, వంగి మంచం కింద చూసింది.

"ఏందమ్మా?" అన్నాను.

"మా ఆయిన."

"మంచం కింద ఉంటె నువ్వే తీస్కపో చెల్లె, మాకేం అక్కెర లేదు," అన్నది మేనత్త.

ఆమె తలెత్తి, అప్పుడే మేనత్తను సరిగా చూసింది. కోపమంతా దిగిపోయింది. "మీరేంది అక్కా గీడ? గిది మనసోంటోళ్ళు దిగే జాగనా? జీతాల దినం మేము మా మొగోళ్ళను ఎతుక్కుంట వచ్చే కొంప ఇది. ఇండ్ల దొరకకపోతె సారా దుకాణంల, ఆడ గూడ లేకపోతె ఎనుక లాడ్జీల. పైసలన్ని తగలెట్టకముందే గుంజుకపోవాలె గద." అప్పటికి నాకు అర్థమైంది. ఆ ఊరి ఆడవాళ్ళకు జీతాల దినం అదొక వాడుక. చీకటి పడగానే గుంపుగా బయలుదేరి, ఒక్కో తలుపూ కొట్టి చూసుకుంటూ పోతారు.

నేనైతే ఇంకో మూడు లాడ్జీల కిరాయిలు అడిగేవాణ్ణే గాని, మేనత్త అడిగిన ప్రశ్న నాకు జన్మలో తట్టేది కాదు.

"మరి మీరు ఎన్నడు ఎతకని లాడ్జీ ఏది?" అన్నది.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మలుపు మీది ముసలాయినది," అన్నది పిల్లనెత్తుకున్నామె. "ఆడికి పోనే పోము. తాగినోన్ని గడప తొక్కనియ్యడు. ఇన్నేండ్లల్ల ఒక్క మొగోడు గూడ అండ్ల దొరకలే."

మేనత్త చేతిసంచి అందుకుంది. నా నోటికి ఒకే మాట వచ్చింది. "మరి ఏడు రూపాయలు?"

"పోతె పోనీ. నా నడుముకున్నయి పోతె మీ బాపు మల్ల నన్ను గడప దాటనిస్తడా?" అన్నది. గుమ్మం దాటుతూ ఆగి, వెనక్కి తిరిగింది. "ఈగలు ఒక్క బెల్లం మీదనే వాలుతయా అల్లుడా?"

అంత గిరాకీ ఉన్న మెట్లు ఆ ఆడవాళ్ళు దిగుతుంటే ఖాళీ అయిపోయాయి. ఎవడికి వాడు తన భార్యే వచ్చిందేమోనని మొహం దాచుకుని గోడలకు అతుక్కున్నాడు. మేనత్త ఆ గుంపు మధ్యలో నడిచింది, నేను చివర.

గేటుకు తాళం పడింది. ముసలాయన లోపలి నుంచి లాంతరెత్తి చూశాడు. "ఎనిమిది దాటింది," అన్నాడు. మేనత్త కడ్డీలు పట్టుకుంది. "అన్నా, తెల్లారి మడిగెకు పైసలు కట్టాలె. ఈ ఒక్క రాత్రి దాటితె నా బతుకు నేను బతుకుత," అన్నది. ఆమె ఎవరినైనా ఒకటి అడగడం నేను వినడం అదే మొదలు. పిల్లనెత్తుకున్నామె కూడా, "మావోళ్ళే పెద్దయ్యా, తియ్యి," అన్నది. ముసలాయన లాంతరు కింద పెట్టి తాళంచెవి తీశాడు. నావైపు తిరిగి, "పది," అన్నాడు. అలవాటుకొద్దీ నా నోరు తెరుచుకుంది. మేనత్త చూసింది. మూసుకుంది.

ఎదురు బండి నుంచి ఆ ఆడవాళ్ళందరికీ మేనత్త చాయ్ తెప్పించింది, నా జేబులోంచి. గేటు కడ్డీల్లోంచి గ్లాసులు అందుకుని తాగారు. దుకాణం సంగతి విని, పిల్లనెత్తుకున్నామె, "నువ్వు పెట్టినంక జీతాల దినం మా పైసలు నీ తాననే దాస్తం అక్కా. ఆడిదాని కాడ ఉంటె మొగోడు అడుగనీకె ఎనుక ముందాడుతడు," అన్నది. తర్వాత తన వేట కొనసాగించడానికి పోయింది. భర్త ఆ రాత్రి దొరికాడట, జీతం సగమే దొరికిందట. ఈ మాట తర్వాత ఆమే మేనత్త దుకాణంలో చక్కెర కొంటూ చెప్పింది.

తెల్లారి మేము పోయేసరికి మడిగె యజమాని ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. మడిగె కోసం తిరుగుతున్న రెండోవాడు రాలేదు. దుకాణం తెరిచిన రోజు బోణీ నాదే. కిలో చక్కెర అడిగాను. గల్లా పెట్టె ముందు కూర్చుని మేనత్త ధర చెప్పింది, మార్కెట్టు కన్నా పది పైసలు ఎక్కువ. నేను బేరం ఆడకుండా కొన్న సరుకు నా జీవితంలో అదొక్కటే. తొంభైల దాకా ఆమె ఆ దుకాణం నడిపింది. జీతాల దినం సాయంత్రం అక్కడ వచ్చి నిలబడే ఆడవాళ్ళను చూసి బాపు ఒకసారి, "మస్తు గిరాకీ ఉన్నది గదనే," అన్నాడు. మేనత్త నావైపు చూసి నవ్వింది.

"అయితే నేనిప్పుడు ఏం చూడాలె తాతా?" అన్నది మనుమరాలు. ఆ ఊరి ఆడవాళ్ళకు ఏ తలుపు కొట్టాల్సిన పని పడలేదో అది చూడమన్నాను. "అది ఫోన్ల రాదు," అన్నది. రాదు నిజమే. అయినా చాలాసేపు వెతికి, ఆడపిల్లలు రాసిన మాటలు మాత్రమే చదివి, కొంచెం ఎక్కువ కిరాయి ఉన్నదే తీసుకుంది.

ఇక ఆ రాత్రి లెక్క. మేడ లాడ్జీకి ఏడు. ముసలాయనకు పది. చాయ్‌లకు రెండు. మేడ మీద మంచం కింద మరిచిపోయిన టార్చిలైటు, సెల్లులతో కలిపి, పదకొండు. మొత్తం ముప్పై. పది రూపాయల్లో తెల్లారాల్సిన రాత్రికి ముప్పై ఇచ్చాను, అదీ అయిదు రూపాయలు మిగిల్చుకున్నానన్న సంబరంతో. మేనత్త పోయింది, ముసలాయన పోయాడు, ఆ గల్లీ ఆనవాలు కూడా లేదు. కాలం కూడా ఆ కౌంటరు మీది మనిషి లాంటిదే. ఎంత బేరమాడినా నవ్వుతూ వింటుంది, ముందే కట్టించుకుంటుంది, వాపసు మాత్రం ఇవ్వదు.