భార్గవి ఎడమ బుగ్గ

నేను చెప్పేదాన్ని నాలుగుతో భాగించి నమ్మండని ముందే మనవి. కరోనా సద్దుమణిగిన మరుసటేడు ధర్మవరంలో నా పళ్ల ఆసుపత్రి ముందు క్యూ హిందూపురం దాటి కన్నడ దేశంలోకి పోయేది. నేను జోకేస్తే పెనుకొండ కొండ మీద కోతులు కూడా నవ్వేవి.

ఆ క్యూలోంచి నాగరాజు తొమ్మిదేళ్ల కూతురు భార్గవిని వెంటబెట్టుకుని వచ్చాడు. మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి.

“సార్, పాప మొగం రెండు పక్కలా ఒకటే తీరుగా లేదు. ఎడమ బుగ్గ రవ్వంత ముందుకొచ్చుండాది.”

నాకేమీ కనిపించలేదు. “ఏమప్పా, మొగమేమన్నా పట్టుచీరనా, రెండంచులూ సరిపోనీకి? పాలపళ్లు పోయి కొత్తవి వస్తాండాయి. ఆ వాపే.”

“వాపైతే నొప్పుండల్ల కదా సార్? పాపకు నొప్పే లేదు.”

“బిడ్డకు నొప్పి లేదని బాధపడే నాయనను ఇప్పుడే చూస్తాండా!”

హాలంతా ఘొల్లుమంది. భార్గవి కూడా పడీపడీ నవ్వింది. ఎక్స్‌రే మిషన్ నా మోచేతికి తగిలేంత దగ్గరలోనే ఉంది. ఆన్ చేయలేదు.

ఐదు నెలలకు మళ్లీ వచ్చారు. ఈసారి తేడా పట్టుకోవడానికి నేతగాడి కళ్లు అక్కర్లేదు. బుగ్గ ఉబ్బి ముక్కును పక్కకు నెట్టేసింది. ఎక్స్‌రే తీసి, వెంటనే బెంగళూరుకు పంపాను. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షించి ‘ఆసిఫైయింగ్ ఫైబ్రోమా’ అన్నారు. పిల్లల్లో అరుదుగా దవడ ఎముకలో పెరిగే గడ్డ. క్యాన్సర్ కాదు. కానీ తీసేదాకా పెరుగుతూనే ఉంటుంది.

సర్జన్ ఫోన్‌లో చెప్పాడు: “చిన్నగా ఉన్నప్పుడైతే గీకి తీసేవాళ్లం. ఇప్పుడు పైదవడలో కొంత ఎముక, అందులో మొలవాల్సిన మూడు పళ్లూ పోతాయి.”

పై పెదవి లోపలి నుంచి కోసి తీశారు. బయట మచ్చ లేదు. గడ్డ మళ్లీ రాలేదు. ఆ మూడు పళ్లూ ఇక రావు.

ఆ ఖాళీకి కట్టుడుపళ్లు నేనే చేశాను. పెట్టి చూసి, నాగరాజును పిలిచాను. “నువ్వు చూసి చెప్పప్పా.”

అతను కూతురి గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురుకు తిప్పాడు. “ఈ పన్ను ఒక పోగంత పొడుగుండాది సార్.”

అరగదీశాను. సరిపోయింది.

“ఆ పొద్దే నీ మాట వినాల్సింది” అన్నాను.

“నేనూ ఇంకొకరి తావ చూపించాల్సింది సార్. మీరు అంత ధైర్యంగా నవ్వితిరి. నేనూ నమ్మితి.”

ఇప్పుడు ఏ తల్లో తండ్రో బిడ్డ ముఖంలో తేడా ఉందంటే, నా కంటికి కనిపించకపోయినా, ముందు ఎక్స్‌రే తీస్తాను. మాటలు తర్వాత.

క్యూ, కోతులు కోతలని మీకెలాగూ తెలుసు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. ఆ రోజు భార్గవి నవ్వలేదు. ఎడమ బుగ్గను అరచేత్తో కప్పుకుని, నావైపే చూసింది.