మెట్లకు వీపు తిప్పి

నలభై దాటాక బేకరీ ఆవిడకు బ్యాడ్మింటన్ పిచ్చి పట్టింది. ఏళ్ల తరబడి పిండి పిసికిన చేతులు ఆమెవి. ఇంత బలం పెట్టుకుని ఓ ఈకల బంతిని కొట్టలేనా అనుకుంది. మొదటి సాయంత్రం కొట్టింది కూడా. నెట్ దగ్గరికి వంగి వంగి పరుగెత్తి, చెమటతో తడిసి, తనలో తనే నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు తొడలు పట్టేశాయి. ఊరుకుని ఉంటే పోయేది. కానీ గట్టిపడినదేదైనా పిసికితే దారికొస్తుందని ఆమె నమ్మకం. మంచం మీద కూర్చుని, బన్ను పిండిని బల్లకేసి అదిమినట్టు, ఒంటి బరువంతా వేసి తొడలు పిసికింది. తెల్లారేసరికి అవి కాళ్లలా లేవు. భర్త భుజం పట్టుకుని మేడ మీంచి కొట్లోకి దిగింది.

ఓవెన్ దగ్గర ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "పిండయితే ఈపాటికి పొంగేదే!"

"మీరు ఆ ట్రేలు మాడకుండా చూసుకోండి, చాలు."

గల్లా పెట్టె దగ్గరున్న ఆడపడుచు మాత్రం నవ్వలేదు. "ఈ వయసులో మనకెందుకు వదినా ఆటలు? కాళ్లు విరిగితే రేపు పిండెవరు పిసుకుతారు?"

"నువ్వే. నీ నోటికున్న పనిలో సగం చేతులకూ తగులుతుంది."

మాట దురుసుగానే వచ్చింది గానీ లోపల గుబులుగానే ఉంది. ఆ సాయంత్రమే బ్యాడ్మింటన్ కోర్టులో కోచ్ డబుల్స్ ఆటకు జోడీలు తేలుస్తాడు. రానివాళ్ల చోటు మరొకరికి పోతుంది. ఇల్లూ కొట్టూ కాకుండా తనదంటూ ఆమెకు దొరికిన మొదటి చోటు అది. ఉండబట్టలేక కోచ్‌కే ఫోన్ చేసింది.

"ముందు ఆ పిసకడం ఆపండమ్మా," అన్నాడు కోచ్. "కొత్తగా ఆడితే ఈ నొప్పులు మామూలే. కదలకుండా కూర్చుంటే ఇంకా బిగుస్తాయి. మెల్లగా నడుస్తూ ఉండండి. ఒక్కచోటే పొడుస్తున్నట్టుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి."

పొడవడం లేదు. రెండు తొడలూ సమానంగా తిడుతున్నాయి, అంతే. ఓవెన్‌కూ గల్లాకూ మధ్య పొద్దంతా తిరిగింది. సాయంత్రం కడ్డీ పట్టుకుని మేడెక్కి ట్రాక్ ప్యాంటు వేసుకుంది. ఎక్కడం ఎలాగో అయింది. దిగబోతే మొదటి మెట్టుకే మోకాళ్లు వణికాయి. కింద భర్త చేతిలో వేడి ట్రేలున్నాయి. కొట్టు నిండా జనం.

"ఇంక ఆ రాకెట్ అక్కడే పెట్టెయ్, వదినా!" అని కేకేసింది ఆడపడుచు.

ఆమె రాకెట్ చంకలో ఇరికించుకుంది. మెట్లకు వీపు తిప్పి, కడ్డీ పట్టుకుని, వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టింది. నొప్పి సగానికి సగం తగ్గింది. కింద ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయ్యో, అందరూ చూస్తున్నారు!" అంది ఆడపడుచు.

"చూడనీ. చూస్తే కాళ్లు అరుగుతాయా?"

కోర్టులో కోచ్ ఆమె నడక చూసి అడిగాడు. "ఆడగలరా?"

"ఆడతాను. వంగమని మాత్రం అనకండి."

కిందికొచ్చినవన్నీ వదిలేసింది. తలపైకి లేచిన ప్రతి షటిల్‌నూ మాత్రం బల్లకేసి పిండి కొట్టినట్టు కొట్టింది. ఆట ముగిసేసరికి ఆమెకో జోడీ కుదిరింది, పొరుగు వీధి టైలరమ్మ. నేల మీద షటిళ్లు ఏరే పని ఆవిడదేనని ఈమె అక్కడికక్కడే తేల్చి చెప్పేసింది.