జాకీర్ చెయ్యి పడ్డ మీటరు

లాలాగూడలో స్కూటర్ మీటర్ ఆగిపోతే జనం వెతుక్కుంటూ వచ్చేది జాకీర్ దుకాణానికే. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సినంత ఇరుకు దుకాణం అది. ముప్పై ఏళ్లుగా అతను చేసేది ఒకటే పని, స్పీడు చూపే మీటర్లు బాగుచేయడం. ఇంజను ముట్టడు, పంక్చర్ వేయడు. "మీటర్ అబద్ధం చెప్తే బండి మొత్తం అబద్ధమే," అంటాడు. ఆ మాట వినీ వినీ ఎదురుగా ఉన్న టీ కొట్టాయనకు సైతం కంఠతా వచ్చేసింది.

అలాంటి మనిషికి ఓవర్‌స్పీడ్ చలాన్ వచ్చింది. యాభై దాటకూడని రోడ్డు మీద కెమెరా అతని స్కూటరును అరవై ఒకటి దగ్గర పట్టింది.

"ఫోన్లనే కట్టేయి, పరేషాన్ ఎందుకు?" అంది భార్య జుబేదా.

జాకీర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా మీటర్ నలభై ఐదు చూపిచ్చింది. నా కండ్లతోని చూసిన. గిప్పుడు కడితే నా మీటర్ తప్పని నేనే కాయితం మీద దస్తకత్ పెట్టినట్టు. రేపు గల్లీల ఎవడన్న నా తాన బండి ఆపుతడా? కోర్టుకే పోత."

నిజం చెప్పాలంటే ఆ నెల బండి మహా హుషారుగా పోతోంది. నలభైలోనే గాలి చెవుల్లో హోరుమంటోంది. తన చేతి పనికి తనే మురిసిపోయాడు తప్ప, ఇదేమిటని ఒక్కసారీ ఆలోచించలేదు. పొగడ్తలకు అలవాటుపడ్డ మనిషికి తన మీద అనుమానం అంత తొందరగా రాదు.

వాయిదా రోజున ఇస్త్రీ చొక్కా తొడిగాడు. బండికున్న మీటర్ విప్పి, గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. జడ్జి ముందే దాన్ని తిప్పి చూపిస్తే ఇంకెవడు మాట్లాడతాడు?

కోర్టు వరండాలో కల్పలత టీచర్ కనబడింది. చిలకలగూడలో ఉంటుంది. నెల కిందటే ఆమె స్కూటర్ బాగుచేసి ఇచ్చాడు.

"అల్లా పంపినట్టు వచ్చిండ్రు, జాకీర్ భాయ్!" అంది. "గదే కెమెరా నన్ను సుత పట్టింది. నేను నలభై ఐదు దాటలే, వాళ్లేమో అరవై అంటుండ్రు. మీటర్ కరెక్టని మీరొక్క మాట చెప్పుండ్రి, ఇద్దరం బయటపడతం."

ఇద్దరి మీటర్లూ ఒకేలా నలభై ఐదు దగ్గరే ఆగాయా? జాకీర్‌కు అప్పుడు తట్టింది. ఆమె బండికీ తన బండికీ ముందు చక్రం దగ్గర మీటర్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం మార్చాడు. రెండూ ఒకే డబ్బాలోవి. మూతపడుతున్న దుకాణంలో డజను దొరికితే సంతోషంగా తెచ్చుకున్నాడు. పళ్ల లెక్క తేడా వస్తే మీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది; వేసేముందు వాటిని లెక్కపెట్టడం ఆ పనిలో మొదటి పాఠం. తనకు చూపు చాలుననుకున్నాడు, లెక్కపెట్టలేదు. సంచిలో ఉన్న మీటర్‌కు ఏ జబ్బూ లేదు. జడ్జి ముందు తిప్పితే చక్కగా తిరుగుతుంది. అతని మాట నెగ్గినా నెగ్గుతుంది.

జాకీర్ పేరు పిలిచారు. కల్పలత కూడా వెనకే లోపలికి వచ్చింది.

"మీరేమంటారు? కెమెరా తప్పంటారా?" అడిగాడు మేజిస్ట్రేటు.

"లేదు సార్. కెమెరా కరెక్టే." జాకీర్ గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "నా చెయ్యే తప్పు చేసింది. ఈ మేడమ్ బండి సుత నేనే చేసిన. ఆమె జుర్మానా సుత నా పేరు మీదనే రాయుండ్రి."

మేజిస్ట్రేటు కళ్లజోడు తీశాడు. "అలా రాయడం కుదరదయ్యా. ఎవరిది వాళ్లే."

రాయడం కుదరకపోయినా కట్టడం కుదిరింది. కౌంటర్ దగ్గర రెండు చలాన్లూ జాకీరే కట్టాడు. పోయిన పరువు కన్నా చెప్పేసిన మాట పెద్దదిగా తోచి, ఛాతీ విరుచుకునే బయటికి వచ్చాడు.

కల్పలత మాత్రం కోపం ఆపుకోలేదు. "మిమ్మల్ని నమ్మి రోజూ అరవైల ఉరికిన్నా నేను? ఇంకెంత మందికి వేసిండ్రు గివి?"

"డబ్బా ఒడిసింది మేడమ్, డజనూ వేసేసిన. అందరినీ పిలుస్త, ఒక్కొక్కరికి నా చేతులతోనే మారుస్త." వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తనది, టీచర్‌ది, వడ్రంగి బ్రహ్మచారిది, పాలు పోసే ఎల్లమ్మ కొడుకుది... పదకొండు వచ్చాయి. పన్నెండోది ఎవరికి వేశాడో గుర్తొచ్చి వేలు ఆగిపోయింది.

కూతురు నాజ్నీన్. కాప్రాలో మందుల దుకాణంలో పనిచేస్తుంది. డబ్బాలో అన్నిటికన్నా మెరిసేదాన్ని ఏరి మరీ ఆమె బండికి వేశాడు.

అక్కడే మెట్ల మీద నిలబడి ఆమెకు ఫోన్ చేశాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. వెనకాల హారన్లు వినబడుతున్నాయి.

"బేటా, బండి మీద ఉన్నవా?"

"ఆ, సిగ్నల్ కాడ ఆగిన అబ్బాజాన్. ఫికర్ చేయకు, నువ్వు చెప్పినట్టే, నలభై ఐదు అస్సలు దాటలే."

"ఎరుకే బిడ్డా," అన్నాడు జాకీర్. "బండి పక్కకు పెట్టి దిగు. నేనొస్తున్న."