చెత్తలో కలిసిన బాపు అదిలింపు

మా ఇంట్లో దొంగలు పడలేదు, అగ్గి అంటుకోలేదు. అయినా మళ్లీ దొరకనిది ఒకటి పోయింది. పోగొట్టింది నేనే, అదీ ఎంతో శ్రద్ధగా. చదివి నవ్వుతారో, నెత్తిన మొట్టుతారో మీ ఇష్టం.

జడ్చర్ల మందుల కంపెనీలో డ్యూటీ దిగాక నా తోటివాళ్లు క్రికెట్ ఆడుకునేవారు. నేను మాత్రం మా ఊరికొచ్చి, ఇంట్లో కంప్యూటర్‌లోనే ఉండిపోయే ఏఐ సహాయకుణ్ణి తయారుచేశాను. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. తెలుగులో చెబితే వింటుంది, ఫైళ్లు సర్దుతుంది. దానికి 'మంత్రి' అని పేరు పెట్టాను. రాజుగారెవరో వేరే చెప్పాలా?

"అమ్మా, గిది మన ముచ్చట బయటికి పోనియ్యది."

"మంచిదే బిడ్డా. మరి గొర్లను గూడ మలుపుతదా?"

అది ఎగతాళి కాదు, ఆమె గోస. నాన్నను మేం బాపు అంటాం. ఆయన పోయినప్పటి నుంచి మంద ఆమె మాట వినడం లేదు. బాపు మనుషులతో పెద్దగా మాట్లాడేవాడు కాదు, మాట్లాడితే గొర్రెలతోనే. నాలుక టకటకలాడించి, "హుర్ర్ర్... ట్రియ్యో" అని సాగదీసి, చివర ఒక ఈల వేసేవాడు. ఆయన ఉన్నప్పుడు సరదాకి ఫోన్‌లో రికార్డు చేశాను. ఆయన పోయాక అమ్మ రోజూ పొద్దున దొడ్డి తీసి దాన్ని వినిపించేది. గొర్రెలు చెవులు నిక్కించి బయటికి నడిచేవి. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని వాటి వెంట పోయేది.

ఫోన్ పగిలితే ఎట్లా అని భయమేసింది. ఒక ఆదివారం దాన్నీ, ఫోన్‌లో ఉన్న మిగతా రికార్డులన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోంచి తుడిచేశాను. ఎంత ముందుచూపో చూశారా? ఇక మంత్రిగారిని పిలిచాను.

"మంత్రీ, మాటలున్న రికార్డులు ఉంచు. ఉత్త చప్పుడున్నవి తీసెయ్."

"శాశ్వతంగా తొలగించమంటారా?"

"అడుగుడేంది? కానియ్!"

"పూర్తయింది. చాలా స్థలం ఖాళీ అయింది."

నేను చప్పట్లు కూడా కొట్టాను.

తెల్లారి అమ్మ దొడ్డి కాడి నుంచి కేకేసింది. "ఏమాయెరా, బాపుది పెట్టు!"

వెతికాను. ఎక్కడా లేదు. "మంత్రీ, మా బాపు గొంతేది?"

"మాటలున్న వాటిలో అలాంటిది లేదు."

బయటికి ఏదీ పోనివ్వదని మురిసిపోయాను కదా, అందుకే ఇంకెక్కడా నకలు లేదు. కంప్యూటర్లు బాగుచేసే అన్న దగ్గరికి పరుగెత్తితే, "ఇగ రాదు తమ్మీ" అని చేతులెత్తేశాడు.

చివరికి దొడ్డి ముందు నిలబడి నేనే "హుర్ర్ర్... ట్రియ్యో" అన్నాను. గొర్రెలు నన్ను కరెంటు బిల్లు తెచ్చినవాణ్ణి చూసినట్టు చూశాయి. పొట్టేలు వెనక నుంచి ఒక్క పోటు పొడిచింది. పెంటలో బోర్లాపడ్డాను. అమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే గడప మీద కూలబడి ఏడ్చింది. నేను లేచి ఇంట్లోకి ఉరకబోయాను.

"ఆ మిషిన్ పాడుగాను! పలగ్గొడ్తనే దాన్ని!"

"దాన్నెందుకు తిడ్తవ్‌రా? మీ బాపుది మాటనే అని నువ్వు దానికి చెప్పినవా?"

చెప్పలేదు. నాకే తెలియదు.

అందుకే, పెంట అంటిన చొక్కాతోనే అక్కడికక్కడ ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏది మాటో, ఏది ఉత్త చప్పుడో ఏ మంత్రినీ అడగను, నా అంతట నేను తేల్చను. ముందు గొర్రెలను అడుగుతాను.