లైన్లో నా చెప్పులు

పోయిన ఎండాకాలం మోకాలి నొప్పితో ఎల్లారెడ్డి దగ్గర ఒక సర్కారు దవాఖానకు వెళ్లాను. చీటీ కోసం అందరిలాగే నా చెప్పులను లైన్లో పెట్టి నీడలో కూర్చున్నాను. పక్కన ఒక అవ్వ ఉంది. సర్కారు దవాఖానలను ప్రైవేటుకు ఇవ్వాలని నేను, వద్దని అవ్వ. మాటా మాటా పెరిగింది.

"నేను కామారెడ్డిల ప్రైవేటుకే పోత అవ్వా" అని విసురుగా లేచి, చెప్పులు వేసుకుని నడిచాను. గేటు దగ్గరే మోకాలు మొరాయించింది. వెనక్కి వస్తే లైన్లో నా జాగా లేదు. దాన్ని నేనే కాళ్లకు తొడుక్కుని పోయానని అప్పుడు తెలిసింది.

అందరూ ఒకటే నవ్వు. అవ్వ తన చెప్పులను వెనక్కి జరిపి, "నా ముంగట పెట్టు బిడ్డా. ప్రైవేటోళ్లు మన చెప్పులను గిట్ల లైన్ల నిలవడనిస్తరా?" అంది.

మోకాలు నయమైంది. ఇప్పుడు ఎవరితో ఎంత వాదన పెరిగినా, చెప్పులను మాత్రం లైన్లోంచి తీయను.